తెర మీద ఇద్దరు మాస్టార్లు

కొత్తగా పెళ్ళయిన మగవాడికి ఒక వెసులుబాటు ఉంటుంది. అతనికి ఏమేం చేతకావో భార్యకి ఇంకా తెలియదు. ఆ వెసులుబాటుని ఎంతకాలం కాపాడుకోగలిగితే అంత మంచిదని నా అభిప్రాయం. నాది ఎలా పోయిందో చెప్తాను, నవ్వకుండా వినండి. నవ్వినా ఫరవాలేదు. మా స్కూలు స్కూలంతా నవ్వేసింది, మీరొక్కళ్ళు బిగబట్టుకుంటే నాకు ఒరిగేదేమీ లేదు.

నేను భాష చెప్పే మాస్టారిని. సుద్దముక్క చేతికిచ్చి పదో తరగతిలో నిలబెడితే గంట కొట్టినా బయటికి రాను. పిల్లలు నాతో వాదిస్తారు, నేను పిల్లలతో వాదిస్తాను, పక్క క్లాసు టీచరు గోడ మీద కొడుతుంది. నా బతుకులో ఉన్న సుఖాలన్నిట్లోకీ అదే మొదటిది. పెళ్ళయ్యాక రెండోదయింది.

మొదటిది మా ఆవిడ. వినికిడి పరీక్షలు చేసి, చెవిలో పెట్టుకునే చిన్న యంత్రాలు అమర్చే క్లినిక్‌లో పనిచేస్తుంది. తను కడిగి బోర్లించిన రెండు కప్పులు పక్కపక్కన ఆరుతుంటే, వాటి వంక చూస్తూ నేను బస్సు పోగొట్టుకున్న రోజులున్నాయి. మీరు నవ్వకండి, మీకూ పెళ్ళయిన కొత్త ఒకటి ఉండే ఉంటుంది.

ఆమె చెవుల సంగతి మాత్రం ముందే చెప్పాలి. వంటింట్లో నిలబడి, ముందు గదిలో నేను తీసింది బిస్కెట్ల డబ్బా మూతో, మందుల డబ్బా మూతో చెప్పేస్తుంది. అలాంటి మనిషి ఉన్న ఇంట్లో రహస్యం దాచాలనుకున్నవాణ్ణి నేను. తెలివి ఏపాటిదో మీరే అంచనా వేసుకోండి.

పెళ్ళి మాటలప్పుడు తను నన్ను ఒకటే ప్రశ్న అడిగింది.

"స్కూళ్ళలో ఇప్పుడంతా డిజిటల్ అట కదండీ. మీకు అలవాటేనా?"

"మా స్కూల్లో ఆ వ్యవహారమంతా నా చేతి మీదే నడుస్తుంది" అన్నాను.

అందులో అబద్ధం పాలు తక్కువే. నా చేయి పడ్డాకే మా డిజిటల్ బోర్డు నడక ఆగిపోయింది. అది గోడంత తెర, వేలితో రాస్తే అక్షరాలు పడతాయి. మొదటిరోజు నేను క్లాసుకి వెళ్ళేసరికి దాని నిండా లెక్కల టీచరు రాసినవి ఉన్నాయి. అలవాటు కొద్దీ డస్టర్ తీసి తుడిచాను. తుడిచినకొద్దీ అంకెలు పెద్దవయ్యాయి. గట్టిగా తుడిచాను. ఒకే ఒక సున్నా తెరంతా నిండిపోయి నా వంక చూసింది. రెండు చేతులతో తుడిచాను. తెర నల్లబడి పడుకుంది. పిల్లలందరి ముందూ దాన్ని మెల్లగా తట్టి, "క్షమించు నాయనా" అన్నాను.

తీగల మాస్టారు వచ్చి దాన్ని లేపారు. తీగల మాస్టారంటే మా కంప్యూటర్ టీచరు. ఆయన మెడలో ఎప్పుడూ ఏదో ఒక తీగ వేలాడుతూ ఉంటుంది. దాని రెండో కొస దేనికి తగిలించాలో ఆయనకి ఎప్పుడు గుర్తొస్తే అప్పుడు వెళ్ళి తగిలిస్తారు.

ఇక మా హెడ్‌మిస్ట్రెస్. స్టాఫ్‌రూమ్‌లో మేము పెట్టుకున్న పేరు ఉరుము మేడమ్. ఆవిడ తన గదిలో ఫోన్ మాట్లాడుతుంటే గేటు దగ్గరి వాచ్‌మన్ "వస్తున్నానమ్మా" అనేవాడు. చెవులు కాస్త మందం, అందుకే గొంతు పెద్దది. అయితే కొన్నాళ్ళుగా ఆ గొంతు బాగా తగ్గింది. ఆరోగ్యం బాగాలేదేమోనని మేము జాలిపడ్డాం. జాలిపడుతూనే ఆవిడ ఎదురుగా కూర్చుని ఆవిడ మీద జోకులు వేసుకున్నాం. వినబడదన్న ధైర్యం.

ఒకరోజు ఉరుము మేడమ్ మా అందరినీ పిలిచారు.

"వానలకి స్కూలు మూసిన రోజుల్లో ఇక ఇంటి నుంచే పాఠం చెప్పాలి. ముందుగా ఒక్కొక్కరికీ ఒక పరీక్ష. మీరు ఇంట్లో కూర్చుంటారు, పిల్లలూ నేనూ హాల్లో పెద్ద తెర ముందు కూర్చుంటాం. చెప్పగలిగినవాళ్ళకే పదో తరగతి. చెప్పలేనివాళ్ళు లైబ్రరీలో పుస్తకాలకి అట్టలు వేసుకుంటూ నేర్చుకోండి."

చివరి మాట నా వైపు చూస్తూ అన్నారు. నేను వెనక్కి తిరిగి చూశాను. వెనక గోడ ఉంది. గోడకి పదో తరగతి లేదు.

పదో తరగతి పోతే నేను ఎవరితో వాదించాలి? అట్టలతోనా?

నేరుగా తీగల మాస్టారి దగ్గరికి వెళ్ళాను.

"మీ ఆవిడ రోజంతా కంప్యూటర్ ముందే కదా మాస్టారూ, ఆవిణ్ణి అడగొచ్చుగా" అన్నారాయన.

"అడిగితే తెలిసిపోతుందండీ."

"ఏం తెలిసిపోతుంది?"

"నాకు తెలియదని."

ఆయన తీగని ఒకసారి వేలికి చుట్టుకుని, విప్పుకుని, నిట్టూర్చారు. అప్పుడు నాకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. అలాంటి ఆలోచనలు నాకు తరచుగా వస్తాయి, కాలేది కూడా నాకే.

నా క్లాసు నాకు కొట్టినపిండి. ఏటా అవే పాఠాలు, అవే ప్రశ్నలు. ఏ ప్రశ్నకి అందరూ కలిసి అరుస్తారో, ఎక్కడ నవ్వుతారో, పాఠం ఎంతవరకు వచ్చాక వెనక బెంచీలో గుసగుస మొదలవుతుందో నాకు నోటికొచ్చు. మరి పాఠమంతా ముందే వీడియో తీసి పెట్టుకుంటే? ప్రశ్న అడిగి, జవాబుకి కాస్త ఖాళీ వదిలి, "శభాష్, కూర్చో" అనేస్తే? హాల్లో తెర మీద అది ఆడుతుంటే, నేను ఇప్పుడే చెప్తున్నానని ఎవరు కాదంటారు?

"నా పేరు మాత్రం బయటికి రానీయకండి" అన్నారు తీగల మాస్టారు. వీడియోని లాప్‌టాప్‌లోకి ఎక్కించి ఇస్తానన్నారు. ఏ బటన్ నొక్కితే హాల్లో కనిపిస్తుందో చూపించారు. "మైకు మూసేయండి, మీరు ఇంట్లో దగ్గినా వాళ్ళకి వినబడుతుంది. కెమెరా కూడా మూసేయండి. అది మాత్రం మర్చిపోకండి" అని మరీ మరీ చెప్పారు.

మర్చిపోలేదు. అది మీరు గుర్తుపెట్టుకోవాలి.

మా ఇంట్లో ఒక చిన్న గది ఉంది. పెళ్ళికి వచ్చిన బహుమతులన్నీ విప్పకుండా అందులోనే పేర్చాం. తలుపు వేసుకుని, గోడ గడియారాల అట్టపెట్టెల మీద ఫోన్ నిలబెట్టి, పెళ్ళికి కుట్టించిన కోటు వేసుకుని పాఠం మొదలుపెట్టాను. పాఠం పేరు 'సంభాషణ'. మనుషులు ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకోవాలో అందులో ఉంటుంది. నాకు ప్రాణమైన పాఠం.

సాయంత్రం తను క్లినిక్ నుంచి వచ్చేసరికి నేను చెమటతో బయటికి వచ్చాను.

"ఆ గదిలో ఎవరున్నారండీ?"

"ఎవరూ లేరే."

"'శభాష్, కూర్చో' అని వినిపించింది."

"నన్ను నేనే కాస్త ప్రోత్సహించుకుంటున్నాను."

"'లేచి నిలబడు' అని కూడా వినిపించింది."

"వ్యాయామం."

"కోటు వేసుకునా?"

"చలికి."

తను నా నుదుటి మీది చెమట చూసింది, కోటు చూసింది, ఇంకేమీ అనకుండా తువ్వాలు అందించింది. ఎంత మంచి భార్య అని నాలో నేను పొంగిపోయాను. పరీక్ష పెట్టే మనిషి కూడా జవాబు వచ్చేదాకా అలాగే ఓపిగ్గా చూస్తుందని నాకప్పుడు తట్టలేదు.

"స్కూల్లో ఏదో డిజిటల్ పరీక్ష ఉందట కదా, ఎంతవరకు వచ్చింది?"

"నాకు పరీక్షేమిటి, మిగతావాళ్ళకి నేర్పడానికే నాకు తీరిక చాలడం లేదు."

"పాపం. నాతో ఏమైనా చెప్పాలనుకుంటే చెప్పండి మరి."

"చెప్పడానికేముంది?"

"ఏమైనా ఉంటే" అని, తను వంటింట్లోకి వెళ్ళిపోయింది. అక్కడి నుంచే మళ్ళీ అంది, "అది బిస్కెట్ల డబ్బా. భోజనం చేయాలిగా, మూత పెట్టేయండి."

పరీక్ష రోజు పొద్దున తను నాకంటే ముందే తయారయింది. చేతిలో రోజూ తీసుకెళ్ళేదానికన్నా పెద్ద బ్యాగు.

"ఇవాళ క్లినిక్‌లో కాదు, బయట పని. పిల్లలకి వినికిడి పరీక్షలు" అంది. గుమ్మం దాటి, మళ్ళీ వెనక్కి వచ్చి, నా కోటు కాలరు సర్ది, "బాగా చెప్పండి" అని వెళ్ళింది. ఆ కాలరు సర్దుడు నాకు ఎంత నచ్చిందంటే, తను వీధి మలుపు తిరిగాక కాలరు నేనే వంకర చేసుకుని అద్దంలో చూసుకున్నాను, మళ్ళీ వచ్చి సర్దుతుందేమోనని.

తలుపు గడియ వేసి పనిలోకి దిగాను. ముందు కెమెరా. నేను వీడియో తీసిన కెమెరా నా ఫోన్‌లోదే కదా. ఫోన్‌ని తీసుకెళ్ళి బీరువాలో బట్టల కింద పెట్టి, బీరువాకి తాళం వేసి, తాళంచెవి తలుపు మేకుకి తగిలించాను. ఇంతకన్నా గట్టిగా కెమెరాని ఎవరు మూస్తారు? తర్వాత తీగల మాస్టారు చూపించినట్టే మైకు మూశాను.

లాప్‌టాప్ తెరిస్తే మూలన చిన్న చట్రంలో నా ముఖం కనిపించింది. పాఠం చెప్పేవాళ్ళకి అద్దం కూడా పెట్టారే అని మెచ్చుకున్నాను. అందులో చూసుకుంటూ తల దువ్వుకున్నాను. మీసం సవరించుకున్నాను. పళ్ళ సందుల్లో ఏమైనా ఉందేమోనని నోరు బాగా తెరిచి వెతికాను. ఉంది. తీశాను.

బటన్ నొక్కాను. తెరంతా కోటు వేసుకున్న నేను ప్రత్యక్షమై, "పిల్లలూ, అందరూ కుశలమేనా?" అన్నాను. ఖాళీ. హాల్లోంచి పిల్లలంతా ఒక్క గొంతుతో "కుశలమే మాస్టారూ" అన్నారు.

"శభాష్" అన్నాడు తెర మీది కోటు మాస్టారు. సరిగ్గా సమయానికి. నాకు ఒళ్ళు పులకరించింది.

ఇక నాకు కోటుతో పనేముంది? విప్పి కుర్చీకి తగిలించాను. చొక్కా కూడా విప్పాను, ఉక్కపోత. పైన బనీను, కింద బాతుబొమ్మల నిక్కరు. ఆ నిక్కరు ఎవరు ముచ్చటపడి కొన్నారో చెప్పను. కొత్త కాపురం, అర్థం చేసుకోండి. కాళ్ళు బల్ల మీద బార్లా చాపి అరటిపండు ఒలిచాను.

హాల్లో పిల్లలు నవ్వారు. అక్కడ పాఠంలో నవ్వు ఉంది, నేను పెట్టిందే. సంతోషించాను. మళ్ళీ నవ్వారు. అక్కడ నవ్వు లేదు. సరే, మొదటి నవ్వు మిగిలి ఉంటుందనుకున్నాను. నేను పండు కొరికినప్పుడల్లా నవ్వు వస్తోందని గమనించే స్థితిలో లేను. కోటు మాస్టారు చెప్పే మాటలు నాకు కంఠతా వచ్చు కనక ఆయనతోపాటు పెదవులు కదుపుతూ, మంచి మాట వచ్చినచోట తల ఊపి "ఆహా" అనుకుంటూ కూర్చున్నాను. నా పాఠం నేనే కూర్చుని వినడం అదే మొదటిసారి. ఇంత బాగా చెప్తానని నాకే తెలియదు.

"సంభాషణలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఏమిటి?" అని అడిగాడు కోటు మాస్టారు.

దీనికి ఏటా మొదటి బెంచీలోంచి ఎవరో ఒకరు "వినడం" అంటారు. ఈసారి లేచింది సందేహాల పిల్ల. ఆ అమ్మాయికి ఎవరైనా నమస్కారం పెట్టినా, ఎందుకు పెట్టారని సందేహం వస్తుంది.

"మాస్టారూ, మీ ఇద్దరిలో ఈ ప్రశ్న ఎవరు అడుగుతున్నారు?"

"శభాష్, చక్కగా చెప్పావు, కూర్చో" అన్నాడు కోటు మాస్టారు.

హాలు గొల్లుమంది. నా చేతిలో పండు ఆగిపోయింది. ఇద్దరా? ఈ పిల్ల కళ్ళకి కూడా అన్నీ సందేహంగానే కనిపిస్తున్నాయా?

"మాస్టారూ, ఒక్క నిమిషం ఆగుతారా?" ఈసారి ఉరుము మేడమ్ గొంతు, మెత్తగా.

సరిగ్గా వెనక బెంచీలో గుసగుస మొదలయ్యే చోటు అది. ఏటా ఉంటుంది కనక, నిజం క్లాసులా ఉండాలని నేను వీడియోలో ముందే ఏర్పాటు చేశాను. కోటు మాస్టారు బల్ల మీద చరిచి, కళ్ళెర్రజేసి అన్నాడు:

"నిశ్శబ్దం. వెనక బెంచీలో ఎవరది మాట్లాడేది? లేచి నిలబడు."

హాల్లో నవ్వు ఠక్కున ఆగిపోయింది. బెంచీ జరిగిన చప్పుడు. ఎవరో నిజంగానే లేచారు.

"లేచాం మాస్టారూ" అంది ఒక గొంతు. "వెనక బెంచీలో ఉన్నది మేడమ్‌గారూ, నేనూ. ఇద్దరం నిలబడ్డాం. మీరూ ఇద్దరే ఉన్నారుగా, సరిపోయింది."

ఆ గొంతు నాకు తెలుసు. ఆ గొంతే పొద్దున నా కాలరు సర్ది, బాగా చెప్పండి అంది.

గొంతులో అరటిపండు అడ్డం పడింది. పిల్లలకి వినికిడి పరీక్షలు అంటే మా స్కూలు పిల్లలకా? నేను అదాటున లేచి నిలబడ్డాను. హాలంతా మళ్ళీ గొల్లుమంది. "బాతులు, బాతులు" అని ఎవరో అరిచారు.

బాతులు వాళ్ళకెలా కనిపిస్తాయి? కెమెరా బీరువాలో ఉంది. తాళం వేసి ఉంది. నేను తలుపు మేకు వైపు చూశాను, తాళంచెవి అక్కడే ఉంది. లాప్‌టాప్ వైపు చూశాను. మూలన ఉన్న అద్దంలో ఒక బనీను మాస్టారు, నోరు తెరుచుకుని, చేతిలో సగం పండుతో నిలబడి ఉన్నాడు. అప్పుడు తెలిసింది, అది అద్దం కాదని, లాప్‌టాప్‌కీ సొంత కెమెరా ఉందని. అది అద్దమైతే నేనొక్కణ్ణే చూడాలి. తల దువ్వుకున్న దగ్గర్నుంచి, పళ్ళు వెతుక్కున్న దగ్గర్నుంచి, హాలు హాలంతా చూసింది.

ఏదో చెప్పబోయాను. లాభం లేదు, మైకు మూసి ఉంది.

"ఏమండీ, ఆ వీడియో ఆపండి" అంది మా ఆవిడ.

"చక్కగా చెప్పావు" అన్నాడు కోటు మాస్టారు.

"చెప్పింది చాలు, ఆపండి."

"ఇంకెవరైనా చెప్తారా?"

కనబడ్డ బటనల్లా నొక్కాను. ఒకటి నొక్కితే కోటు మాస్టారు తరుముకొస్తున్నవాళ్ళ నుంచి పారిపోతున్నట్టు గడగడా మాట్లాడటం మొదలుపెట్టాడు. ఇంకొకటి నొక్కితే ఆయన మూల చట్రంలోకి వెళ్ళిపోయాడు. బనీను మాస్టారు తెరంతా నిండాడు. అంటే మా హాల్లో గోడంత ఎత్తున ఇప్పుడు నేను, నా బనీను, నా బాతులు. మూలలోంచి కోటు మాస్టారు సన్నని గొంతుతో, "ఎదుటివాళ్ళ మాట వినడమే సంభాషణలో సగం" అని చెప్పుకుపోతున్నాడు.

లాప్‌టాప్ మూత మీద చేయి వేశాను. దించేస్తే ఈ నరకం అయిపోతుంది. దానితోపాటు పదో తరగతి కూడా అయిపోతుంది. జన్మంతా పుస్తకాలకి అట్టలు, ఎదురు వాదించే దిక్కు లేక జిగురు సీసాతో కబుర్లు.

చేయి తీసేశాను.

"మైకు బొమ్మ మీద అడ్డగీత ఉంటుంది చూడండి" మా ఆవిడ గొంతు నిదానంగా ఉంది, క్లినిక్‌లో పెద్దవాళ్ళతో మాట్లాడేటట్టు. "దాన్ని ఒకసారి ముట్టుకోండి చాలు. తుడవకండి."

తుడవకండా? డస్టర్ సంగతి ఈమెకెలా తెలుసు? నేను చెప్పలేదే. ఆశ్చర్యపోవడానికి కూడా వరస ఉంటుంది కనక, ముందు మైకు ముట్టుకున్నాను.

"నాకు రాదు" అన్నాను. "ఏది ఎక్కడ నొక్కాలో నాకు తెలియదు. వీడియో కూడా నేను ఎక్కించలేదు. పాఠం మాత్రం నాదే. దీన్ని ఎలా ఆపాలో ఎవరైనా చెప్పండి."

తర్వాత సందేహాల పిల్ల, జీవితంలో మొదటిసారి ఏ సందేహమూ లేకుండా అంది:

"మేము చెప్తాం మాస్టారూ. ముందు కోటు వేసుకోండి."

బనీను మీదే కోటు వేసుకున్నాను. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు, కింద ఎడమ పక్కన అని ఒకడు, మీ ఎడమ కాదు తెర ఎడమ అని ఇంకొకతె, రెండూ ఒకటేరా అని మూడోవాడు, అరుచుకుంటూ నాచేత వీడియో ఆపించారు. కోటు మాస్టారు నోరు సగం తెరిచి ఆగిపోయాడు. ఆయన మీద నాకు జాలి కూడా కలగలేదు.

"ఇక చెప్పండి పాఠం" అన్నారు ఉరుము మేడమ్.

చెప్పాను. చెప్పినదాంట్లో ముందుగా అనుకున్నది ఒక్కటీ లేదు. లాప్‌టాప్ తెర మీద వేలితో రాయబోతే 'వినడం' అన్నమాట కొండచిలువలా మెలికలు తిరిగింది. పిల్లలు దాన్నీ సరిచేయించారు. నేను ఒకటంటే వాళ్ళు రెండన్నారు. వాదన ముదిరింది. పక్క క్లాసు టీచరు హాలు గోడ మీద కొట్టింది. ఆ చప్పుడు లాప్‌టాప్‌లోంచి వినబడితే నాకు ప్రాణం లేచొచ్చింది.

"మాస్టారూ, ఒకరు మాట్లాడుతూనే ఉండి, రెండోవాళ్ళ మాట అసలు వినకపోతే దాన్ని ఏమంటారు?" అని అడిగింది సందేహాల పిల్ల.

"ఉపన్యాసం" అన్నాను.

"కాపురం" అంది వెనక బెంచీ.

గంట కొట్టారు. ఉరుము మేడమ్ ముందుకి వచ్చి తెర దగ్గర నిలబడ్డారు. నేను ఇంట్లోనే అటెన్షన్‌లో నిలబడ్డాను.

"పాఠం మొదటి సగానికి సున్నా" అన్నారు. "రెండో సగానికి పదో తరగతి. ఇక ప్రతి శనివారం బళ్ళో మీకు డిజిటల్ క్లాసు. మీరు మొదటి బెంచీలో కూర్చుంటారు, ఈ పిల్లలు చెప్తారు."

"అలాగే మేడమ్" అన్నాను.

"ఇంకొక మాట. స్టాఫ్‌రూమ్‌లో మీరు నాకు పెట్టిన పేరు బాగుంది. కొత్తలో కాస్త బాధపడ్డాను, ఇప్పుడు అలవాటైంది."

నా కాళ్ళ కింద నేల ఉందా అని చూసుకున్నాను. ఆవిడ జుట్టు పక్కకి జరిపి చెవి చూపించారు. గింజంత యంత్రం ఒకటి అందులో కూర్చుని ఉంది.

"మీ పెళ్ళికి ముందే పెట్టించుకున్నాను. అప్పట్నుంచీ మీ అందరి మాటలూ వినబడుతున్నాయి. అమర్చిన పిల్ల పనిమంతురాలు" అని వెనక బెంచీ వైపు చూసి నవ్వారు. తెర చివర తీగల మాస్టారు తన మెడలోని తీగని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, ఎటు పారిపోవాలో తెలియనట్టు నిలబడి ఉన్నారు.

సాయంత్రం మా ఆవిడ వచ్చేసరికి నేను రెండు కప్పులూ కడిగి, బోర్లించి, వాటి ఎదురుగా కూర్చుని ఉన్నాను.

"అయితే నీకు ముందే తెలుసన్నమాట" అన్నాను.

"ఏ సంగతి?"

"అన్నీ."

తను బ్యాగు దించి నా పక్కన కూర్చుంది.

"మీ సంబంధం వచ్చినప్పుడు మేడమ్‌గారిని అడిగాను, ఆయన ఎలాంటివారండీ అని. 'డస్టర్ పెట్టి తెర తుడిచే ఆయనా?' అన్నారు."

"అంత తెలిసీ, నేను కోతలు కోస్తుంటే అలా వింటూ కూర్చున్నావా?"

"బాగా కోశారు. మధ్యలో ఆపబుద్ధి కాలేదు."

"మరి ఎలా చేసుకున్నావు నన్ను?"

"తుడిచాక దానికి క్షమాపణ చెప్పారట కదా. యంత్రానికే చెప్పేవాడు పెళ్ళానికి చెప్పడా అనుకున్నాను." తను కప్పు తీసి ఇటూ అటూ తిప్పి చూసింది, సరిగ్గా కడిగానో లేదో అని. "ఇన్ని రోజులూ చూశాను, ఒక్కసారి 'నాకు రాదు, చెప్పు' అంటారేమోనని. ఆ గదిలో ఒక్కరే 'శభాష్, కూర్చో' అని చెప్పుకుంటుంటే తలుపవతల నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇవాళ అన్నారు. అదీ రెండు వందలమంది ముందు."

నా ముఖం కప్పులో దూరిపోతే బాగుండునని చూశాను, కప్పు చిన్నది. అయినా మగవాణ్ణి, కాస్త పరువు మిగుల్చుకోవాలి కదా.

"అది కాదోయ్. నిజానికి ఆ ఆలోచనలో పెద్ద తప్పేమీ లేదు. కెమెరా అని ఆయన స్పష్టంగా చెప్పి ఉంటే, నేను కచ్చితంగా, అసలు ఆ అద్దం లాంటిది అక్కడ ఎవరు పెట్టమన్నారు, ఏ మనిషైనా..."

తను ఫోన్ తీసి ఒక బటన్ నొక్కింది.

"నిశ్శబ్దం. ఎవరది మాట్లాడేది? లేచి నిలబడు" అన్నాడు అందులోంచి కోటు మాస్టారు, కళ్ళెర్రజేసి.

లేచి నిలబడ్డాను. అలవాటు.

"ఇది నీ ఫోన్‌లోకి ఎలా వచ్చింది?"

"తీగల మాస్టారు పంపారు. వెనక బెంచీ అన్నచోట కత్తిరించమన్నాను, మనింట్లో బెంచీ లేదు కదా."

ఆ రోజు నుంచి మా ఇంట్లో వాదన ముదిరిన ప్రతిసారీ గెలిచేది నా గొంతే. వాదించేది నేను, గెలిచేది నా గొంతు, మధ్యలో ఓడిపోయేది కూడా నేనే. తర్వాత తను ఇంకొక బటన్ నొక్కుతుంది. "శభాష్, కూర్చో" అని వినబడుతుంది. అప్పుడు కూర్చుంటాను.